వెనుక ఎర్రదీపం... ఇంటికి భరోసా

ముందు దీపం కంటే వెనుక దీపమే ముఖ్యం - రెండు మూడు వందలతోనే రక్షణ

పటమట (మా విలేఖరి): కోడి కూయక ముందే పటమటకు సైకిళ్ల రాక మొదలవుతుంది. కరకట్ట మీదుగా యనమలకుదురు, పెదపులిపాక వైపు నుంచి ఆకుకూరల కట్టలు వస్తాయి. పోరంకి, పెనమలూరు వైపు నుంచి పాల క్యాన్లు వస్తాయి. కానూరు, తాడిగడప నుంచి అపార్టుమెంట్ల వాచ్‌మన్లు, మేస్త్రీల వెంట పనికి వచ్చే కూలీలు, ఆటోనగర్ షెడ్లలో పనిచేసే కుర్రాళ్లు వస్తారు. పొద్దుగూకాక అందరూ అదే దారిన ఇంటిముఖం పడతారు. చలికాలంలో వీరికి వచ్చేటప్పుడూ చీకటే, వెళ్లేటప్పుడూ చీకటే.

ఈ సైకిళ్లలో చాలావాటికి వెనుక దీపం కానరాదు. కొన్నింటికి కంపెనీ వారు బిగించిన ఎర్ర అద్దం కూడా ఎప్పుడో ఊడిపోయి, ఆ చోట తుప్పు పట్టిన బోల్టు మాత్రం మిగిలింది. ఎందుకని అడిగితే రెండే జవాబులు. "రోడ్డు మీద లైట్లు ఉన్నాయి కదా" అనేది ఒకటి. "నాకు దారి బాగానే కనబడుతోంది" అనేది రెండోది.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతోంది. వారిలో 4,800 మందికి పైగా సైకిలు తొక్కుతున్నవారే. అంటే రోజుకు సగటున 13 మంది. వీరంతా దీపం లేకనే పోయారని చెప్పలేము. కాని చీకట్లో ప్రయాణం చేసేవారు తమ చేతిలో ఉన్న జాగ్రత్త తాము తీసుకోవాలి. ఆ జాగ్రత్తకు నేడు వేలు పోయనక్కరలేదు. రెండు మూడు వందల రూపాయలతో పని జరుగుతుంది. ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి అన్నది తెలిస్తే చాలు.

మనకు కనబడటం వేరు... మనం కనబడటం వేరు

సైకిలు దీపం రెండు పనులు చేస్తుంది. ముందు దీపం మనకు దారి చూపిస్తుంది. వెనుక దీపం మనల్ని ఇతరులకు చూపిస్తుంది. వీధిలైట్లు ఉన్న బందరు రోడ్డు మీద మొదటి పనికి దీపం లేకపోయినా గడుస్తుంది. రెండో పనికి గడవదు. గుంటను తప్పించుకోవడం మన కంటిలో ఉంది. వెనుక నుంచి వచ్చే లారీ మనల్ని తప్పించడం ఆ డ్రైవరు కంటిలో ఉంది. అతని కంటికి మనం ఆనాలి.

మోటారు సైకిళ్ల సంగతి చూడండి. 2017 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే ద్విచక్ర వాహనాలన్నింటికీ ఇంజను వేయగానే ముందు లైటు దానంతట అదే వెలగాలన్న నిబంధన వచ్చింది. మిట్టమధ్యాహ్నం లైటు వెలుగుతుంటే, మరచిపోయాడేమోనని ఎదురువచ్చేవారు నేటికీ చేతి గుప్పిట మూసి తెరిచి సైగ చేస్తూనే ఉన్నారు. అది మరపు కాదు. బండివాడికి దారి కనబడటానికీ కాదు. ఎదుటివారికి బండి కనబడటానికే పట్టపగలు ఆ లైటు. హారను, ఇంజను, బరువు అన్నీ ఉన్న మోటారు సైకిలుకే పగలు దీపం అవసరమైతే, చప్పుడు కూడా చేయని సైకిలుకు రాత్రి ఎంత అవసరమో ఆలోచించండి.

లెక్క వేసి చూడండి

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. డ్రైవరు ముందున్నదేమిటో గ్రహించి బ్రేకు మీద కాలు వేసేసరికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ లోపలే కారు 25 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. వెరసి 45 మీటర్లు. వాన పడి రోడ్డు తడిసి ఉంటే ఇంకా ఎక్కువ. బరువు వేసుకున్న లారీకి మరీ ఎక్కువ.

ఇక నల్లచొక్కా, ముదురు లుంగీ కట్టుకుని దీపం లేకుండా పోయే మనిషి కారు డిమ్ము లైటులో సుమారు 30, 40 మీటర్ల దగ్గరకు వస్తేగాని తెలియడు. ఎదురుగా వచ్చే బండి లైటు డ్రైవరు కళ్లలో కొడితే ఆ దూరం ఇంకా తగ్గిపోతుంది. 45 మీటర్లు కావలసిన చోట 30 మీటర్లే మిగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అదే సైకిలు వెనుక చిన్న ఎర్రదీపం ఉంటే 200 మీటర్ల అవతల నుంచే కంటబడుతుంది. డ్రైవరుకు పది సెకన్లకు పైగా వ్యవధి దొరుకుతుంది. వేగం తగ్గించుకోవడానికీ, పక్కకు తిప్పుకోవడానికీ అది ధారాళంగా చాలు.

బందరు రోడ్డు, అంటే 65వ నంబరు జాతీయ రహదారి, నాలుగు వరుసలయ్యాక బండ్ల వేగం పెరిగింది. సైకిలు వేగం మాత్రం తాతల నాడు ఎంతో నేడూ అంతే. ఈ రెండు వేగాల మధ్య తేడా పెరిగిన కొద్దీ వెనుక దీపం అవసరమూ పెరిగింది.

బిళ్ల, డైనమో పోయి ఎల్‌ఈడీ వచ్చె

పూర్వం ఇంత ఉదాసీనత ఉండేది కాదు. పట్టణాల్లో సైకిలుకు మున్సిపాలిటీ బిళ్ల ఉండాలి. రాత్రిపూట దీపం ఉండాలి. దీపం లేకుండా పోతే పోలీసులు ఆపేవారు. చక్రాల గాలి తీసేవారు. కిరసనాయిలు దీపం కొనలేనివారు కాగితపు పొట్లంలో కొవ్వొత్తి పెట్టుకుని పోలీసు కంటబడేదాకా నడిపించుకు వెళ్లిన కథలు పెద్దలు నేటికీ నవ్వుతూ చెబుతారు. పాత నల్ల సైకిళ్లకు వెనుక మడ్‌గార్డు చివర తెల్లరంగు వేసి ఉండటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది అలంకారం కాదు. వెనుక వచ్చేవారికి ఆనవాలు.

తర్వాత డైనమో వచ్చింది. చక్రానికి ఒరుసుకుంటూ తిరిగే ఆ చిన్న సీసా 6 వోల్టుల కరెంటు పుట్టిస్తుంది. అంతా కలిపి 3 వాట్లు. సెల్లు ఖర్చు లేదు. అయితే తొక్కడం బరువు. వానలో తడిసిన టైరు మీద జారిపోయి వెలగదు. అన్నిటికంటే పెద్ద లోపం, సైకిలు ఆగితే దీపమూ ఆరిపోతుంది. బెంజి సర్కిల్లో ఎర్రలైటు పడి ఆగిన సమయంలోనే వెనుక దీపం పోతుందన్నమాట. జర్మనీలో మామూలు సైకిళ్లకు 2013 దాకా డైనమో దీపమే ఉండాలన్న నిబంధన ఉండేది. ఆ ఏడాది బ్యాటరీ దీపాలకూ అనుమతి ఇచ్చారు.

రోజులు మార్చింది ఎల్‌ఈడీ. కంటికి కనబడే ఎర్రకాంతి ఎల్‌ఈడీని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేసి చూపించారు. తెల్లని వెలుగు రావడానికి నీలి ఎల్‌ఈడీ కావలసి వచ్చింది. దానిని సాధించిన జపాను దేశ సంజాతులు ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పాత బల్బు తనకు అందిన కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పారబోసేది. ఎల్‌ఈడీ అందులో చిన్న వంతుతోనే అంత వెలుగు ఇస్తుంది. చిన్న సెల్లుతో గంటల తరబడి వెలిగే దీపం నేడు వంద రెండువందలకు దొరకడానికి కారణం అదే.

ఏ దారికి ఏ దీపం?

దీపం కొనే ముందు మీరు ఏ దారిన పోతారో చూసుకోండి. అందరికీ ఒకే దీపం పనికిరాదు.

బందరు రోడ్డు మీద కానూరు నుంచి పటమట దాకా వచ్చేవారికి వీధిలైట్లు, దుకాణాల లైట్లు ఉంటాయి. వీరికి మొదటి కొనుగోలు వెనుక ఎర్రదీపం. ముందు వైపు చిన్న తెల్లదీపం చాలు. 50 నుంచి 100 ల్యూమెన్ల వెలుగు సరిపోతుంది. ల్యూమెన్ అంటే వెలుగును కొలిచే కొలత.

కరకట్ట మీద, పంటకాలువల గట్ల మీద వచ్చేవారి సంగతి వేరు. అక్కడ చాలా దూరం వీధిదీపమే ఉండదు. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లం. గోతులు, గేదెలు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, అడ్డంగా వదిలిన ట్రాక్టరు ట్రక్కు... ఏది ఎక్కడ ఉంటుందో చెప్పలేము. వీరికి ముందు దీపం బలంగా ఉండాలి. 150 నుంచి 300 ల్యూమెన్లు ఉంటే చాలు. అయితే వీరు కూడా వెనుక దీపాన్ని వదలరాదు. కరకట్ట మీద బండ్లు తక్కువే గాని, వచ్చేవి వేగంగా వస్తాయి.

ఆటోనగర్ వైపు పోయేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. లారీకి ఎడమపక్క, ముందు చక్రం దగ్గర డ్రైవరుకు కనబడని మూల ఒకటి ఉంటుంది. ఎడమవైపు తిరిగే లారీ పక్కన సైకిలు దూర్చితే ఎంత ఖరీదు దీపమైనా కాపాడలేదు. లారీ తిరిగిపోయేదాకా వెనుకనే ఆగాలి.

బజారులో దొరికేవి

సైకిలు షాపుల్లో నేడు దొరికే దీపాలు ప్రధానంగా నాలుగు రకాలు. ధరలు సుమారుగా ఇస్తున్నాము. షాపును బట్టి, సరుకును బట్టి మారతాయి.

మొదటిది రబ్బరు తొడుగు దీపం. ముందు తెల్లది, వెనుక ఎర్రది కలిపి జత 100 నుంచి 200 రూపాయలు. బటను సెల్లు మీద పనిచేస్తుంది. కొనేటప్పుడు చవక. కాని రోజూ వాడితే కొన్ని వారాలకే సెల్లు మార్చాలి. ఒక్కో దీపానికి సాధారణంగా రెండు సెల్లులు. నాలుగైదు సార్లు మార్చేసరికి దీపం ఖరీదును మించిపోతుంది. ఎప్పుడో ఒకసారి రాత్రి ప్రయాణం చేసేవారికి పనికివస్తుంది. ఇంట్లో చంటిపిల్లలు ఉంటే మాత్రం జాగ్రత్త. బటను సెల్లు మింగితే రెండు గంటల్లోనే గొంతులో పుండు పడి ప్రాణం మీదికి వస్తుంది. మింగారని అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రెండోది పెన్సిల్ సెల్లు దీపం. 100 నుంచి 250 రూపాయలు. సెల్లు ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. దారిలో ఆరిపోతే అక్కడే కొని వేసుకోవచ్చు. కరెంటు నమ్మకం లేని చోట ఇదే మేలు. మూలన పడేసేటప్పుడు సెల్లు తీసి ఉంచాలి. లేకపోతే కారి, లోపలి రేకులు చిలుము పడతాయి.

మూడోది సెల్‌ఫోను చార్జరుతో చార్జి చేసుకునే దీపం. వెనుక దీపం 250 నుంచి 500 రూపాయలు, ముందు దీపం 400 నుంచి 900 రూపాయల మధ్య దొరుకుతాయి. రోజూ తిరిగేవారికి లెక్కలో ఇదే చవక. చిన్న వెనుక దీపాన్ని ఒకసారి చార్జి చేయడానికి అయ్యే కరెంటు ఎంత స్వల్పమంటే, ఒక్క యూనిట్ కరెంటుతో సుమారు మూడు వందల సార్లు చార్జి చేయవచ్చు. రాత్రి పడుకునేటప్పుడు ఫోను చార్జింగు పెట్టే అలవాటు అందరికీ ఉంది. వారానికి రెండు రోజులు ఫోను పక్కన దీపాన్ని కూడా పెట్టండి.

నాలుగోది డైనమో. ఇప్పటికీ కొన్ని షాపుల్లో దొరుకుతుంది. చార్జింగు, సెల్లు బాధ లేదు. కాని ఆగినప్పుడు ఆరిపోయే లోపం ఉంది కనుక, డైనమో ఉన్నవారు వెనుక వేరే సెల్లు దీపం ఒకటి తగిలించుకోవాలి.

వీటిలో ఏదీ కొనలేని పరిస్థితి అయితే ముందు దీపానికి ఉపాయం ఉంది. పొలానికి నీరు పెట్టడానికి, చేపల చెరువు కాపలాకు తలకు కట్టుకునే టార్చి చాలా ఇళ్లలో ఉంటుంది. పాత ట్యూబు ముక్కలు రెండు కోసి దానిని హ్యాండిలుకు బిగించండి. దారి చూపిస్తుంది. మిగిలిన డబ్బు వెనుక దీపానికి పెట్టండి.

క్యారేజీ మీద మూట... మూట చాటున దీపం

పట్నం బాబులు సైకిలు మీద ఏ సరుకూ వేయరు. కంపెనీలు దీపాలు చేసేది వారి కోసమే. అందుకే వెనుక దీపాన్ని సీటు కింది గొట్టానికి తగిలించమని డబ్బా మీద బొమ్మ వేస్తారు. మన సైకిళ్లకు అది పనికిరాదు. క్యారేజీ మీద కూరగాయల గోనె వేస్తే దీపం దాని చాటున పడుతుంది. పాల క్యాన్లు వేలాడదీసినా అంతే. జోరువానలో కప్పుకున్న ప్లాస్టిక్ కోటు వెనుకకు వేలాడినా అంతే. దీపం వెలుగుతూనే ఉంటుంది. వెనుకవాడికి మాత్రం కనబడదు. కొన్నా కొనని లెక్కే.

అందుచేత మన సైకిళ్లకు వెనుక దీపం మడ్‌గార్డు చివర గాని, క్యారేజీ వెనుక కమ్మీకి గాని బిగించాలి. గోనె కిందికి జారేట్టు ఉంటే మరో చిన్న దీపాన్ని గోనె వెనుకనే తాడుకు గుచ్చుకోవచ్చు. దీపం నిటారుగా వెనుకకు చూడాలి. నేలకో, ఆకాశానికో చూస్తే వెలుగు దారి తప్పుతుంది.

ముందు దీపాన్ని కొద్దిగా కిందికి వంచి బిగించాలి. వెలుగు ఏడెనిమిది గజాల దూరంలో నేల మీద పడాలి. నిటారుగా పెడితే ఎదురువచ్చే వాని కళ్లలో కొడుతుంది. ఇరుకు గట్టు మీద ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్మితే అతను కాలువలో పడతాడు, లేదా మన మీదికే వస్తాడు.

రంగులు తారుమారు చేయరాదు. ముందు తెలుపు, వెనుక ఎరుపు. ఎర్రదీపం ముందు పెడితే సైకిలు తనకు ఎదురుగా వస్తోందో, తనకంటే ముందు పోతోందో అవతలివాడికి అర్థం కాదు. చక్రాల్లో తిరిగే రంగురంగుల దీపాలు పిల్లలకు ముచ్చటగా ఉంటాయి. వాటిని వెనుక దీపానికి బదులుగా లెక్క వేసుకోరాదు.

రేడియం పట్టీ మరువకండి

దీపంతో పాటు చేయవలసిన మరో పని, అతి చవకైనది, రేడియం పట్టీ అతికించడం. అందరూ రేడియం అనే మాటే గాని ఇందులో రేడియం అనే ధాతువు ఉండదు. సన్నని గాజుపూసలో, అద్దపు మూలల వంటి గీతలో ఉంటాయి. తమ మీద పడిన వెలుగును ఎటు నుంచి వచ్చిందో అటే తిప్పి పంపుతాయి. అందుకే బండివాడికి అది మెరిసినట్టు కనబడుతుంది. సెల్లు అక్కరలేదు. అరిగేది లేదు.

ఆటోనగర్‌లో లారీలకు అతికించే ఎర్రపట్టీ ముక్క పది ఇరవై రూపాయలకు దొరికినా చాలు. జానెడు ముక్క వెనుక మడ్‌గార్డు మీద, చిన్న ముక్కలు క్యారేజీ కమ్మీ మీద, పసుపు ముక్కలు పెడళ్ల అంచుల మీద అతికించండి. పెడళ్ల మీద అతికించింది పైకీ కిందికీ కదులుతుంది కనుక, అది సైకిలేనని డ్రైవరు ఇట్టే పోల్చుకుంటాడు. అతికించే ముందు కిరసనాయిలు గుడ్డతో గ్రీజు తుడిచి, సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వాలి. వారానికోసారి బురద తుడవాలి. బురద పట్టిన పట్టీ మెరవదు.

సైకిలు రిఫ్లెక్టర్లకు నాణ్యతా ప్రమాణం తప్పనిసరి చేస్తూ 2020లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కొత్త సైకిలు కొనేటప్పుడు ముందు తెల్ల, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు, చక్రాలకూ పెడళ్లకూ ఉన్నవీ సరిగా ఉన్నాయో లేదో చూసుకుని తీసుకోండి. అయితే ఒక్క మాట. రిఫ్లెక్టరు తన మీద వెలుగు పడితేనే మెరుస్తుంది. పక్క సందులో నుంచి తిరిగి వచ్చే బండికి, లైటు సరిగా లేని ఆటోకు అది ఆనదు. అది దీపానికి తోడేగాని బదులు కాదు.

మోసపోకండి

డబ్బా మీద రాసిన అంకెలన్నీ నిజం కావు. చార్జింగు దీపాల్లో వాడే లావుపాటి సెల్లును 18650 అంటారు. ఆ సైజు సెల్లు ఒకటి ఎంత మంచిదైనా సుమారు 3,500 మిల్లీ ఆంపియర్ అవర్లకు మించి నిలవ చేయదు. ఒక్క సెల్లుకే 9,900 అని రాసి ఉంటే ఆ అంకె బూటకం. దాని పక్కన రాసిన వేల ల్యూమెన్లూ అదే బాపతు.

వానకు తట్టుకుంటుందా అన్నది ఐపీ అనే గుర్తును బట్టి తెలుస్తుంది. ఐపీఎక్స్ 4 అని ఉంటే ఏ వైపు నుంచి నీళ్లు చిందినా ఓర్చుకుంటుంది. మన వర్షాలకు కనీసం ఆ మాత్రం ఉండాలి. చార్జింగు పిన్ను గుచ్చే రంధ్రానికి రబ్బరు మూత బిగుతుగా ఉందో లేదో చూడండి.

షాపులోనే మూడు పరీక్షలు చేయండి. దీపం వెలిగించి అరచేతి మీద నాలుగు సార్లు గట్టిగా తట్టండి. మిణుకుమంటే లోపల వదులు ఉన్నట్టు. మన రోడ్ల గతుకులకు రెండు రోజులు కూడా నిలవదు. దీపాన్ని షాపు మెట్టు మీద పెట్టి యాభై అడుగులు వెనుకకు వెళ్లి చూడండి. పక్కకు జరిగి కూడా చూడండి. పక్కల నుంచి కనబడని దీపం కూడలిలో పనికిరాదు. చివరగా, తగిలించే క్లిప్పును లాగి చూడండి. దీపం ఎంత మంచిదైనా క్లిప్పు విరిగితే దారిలో జారిపోతుంది.

మరీ ఖరీదువి కూడా అక్కరలేదు. వేల రూపాయల దీపం పాత సైకిలుకు పావలా కోడికి ముప్పావలా మసాలా వంటిది. పైగా బజారులో సైకిలు నిలిపితే దొంగల కన్ను దాని మీదే ఉంటుంది. తీసి జేబులో వేసుకోగలిగే చిన్న దీపం మేలు.

మిణుకుమనాలా? నిలకడగా వెలగాలా?

చాలా దీపాలకు రెండు పద్ధతులూ ఉంటాయి. మీట నొక్కితే మారుతాయి. రకరకాల లైట్లు వెలిగే బెంజి సర్కిల్, ఎన్టీఆర్ సర్కిల్ వంటి చోట్ల మిణుకుమనే ఎర్రదీపం త్వరగా దృష్టిని లాగుతుంది. పైగా సెల్లు ఎక్కువ రోజులు వస్తుంది. వీధిలైట్లు లేని కరకట్ట మీద మాత్రం నిలకడగా వెలిగేదే మంచిది. చీకట్లో ఒక్క దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే సైకిలు ఎంత దూరంలో ఉందో వెనుకవానికి అంచనా దొరకదు. రెండు దీపాలు ఉంటే ఒకటి నిలకడగా, ఒకటి మిణుకుమంటూ పెట్టుకుంటే రెండు లాభాలూ కలుగుతాయి. ముందు దీపాన్ని మాత్రం రాత్రిపూట ఆరుతూ వెలుగుతూ పెట్టరాదు. గుంట ఉన్న క్షణానే దీపం ఆరితే పడేది మనమే.

డెన్మార్కులో ఏం తేలింది?

దీపం వల్ల నిజంగా ప్రమాదాలు తగ్గుతాయా అన్న సందేహం కొందరికి ఉంది. డెన్మార్కులోని ఓడెన్సే నగరంలో 2004-05లో దీనిని పరీక్షించి చూశారు. దాదాపు నాలుగు వేల మంది సైకిలువారిని ఎంచుకుని, సుమారు సగం మందికి పగలూ రాత్రీ ఆరకుండా వెలిగే దీపాలు ఇచ్చారు. పుల్లలకు కట్టిన అయస్కాంతాల వల్ల పనిచేసే దీపాలవి. సెల్లు లేదు. మిగిలినవారు తమ మామూలు అలవాటు ప్రకారమే తిరిగారు. దీపాలు తీసుకున్నవారిలో గాయపడిన ప్రమాదాలు 19 శాతం తక్కువగా నమోదయ్యాయి. సైకిలువారికి వేరే దారులు, నియమం తప్పని డ్రైవర్లు ఉన్న దేశంలోనే ఇంత తేడా కనిపించింది. సైకిలు, లారీ, ఆటో, గేదె అన్నీ ఒకే రోడ్డు మీద నడిచే మన చోట దీపాన్ని అలక్ష్యం చేయడం తగదు.

చేతులు కాలాక ఆకులు ఎందుకు?

గుద్దిన బండి ఆగకుండా పారిపోయి, దాని ఆచూకీ దొరకకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర పథకం కింద చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేల రూపాయలు వస్తాయి. బండి దొరికితే కోర్టులో పరిహారం కోరవచ్చు. అక్కడ సైకిలుకు దీపం లేదన్న వాదన అవతలి పక్షం నుంచి రావచ్చు. తప్పులో కొంత సైకిలువాడిదేనని తేలితే పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది. ఇంటికి ఆధారమైన మనిషి పోయాక ఎంత వచ్చినా ఏం లాభం?

నవంబరు వచ్చేసరికి సాయంత్రం ఐదున్నరకే పొద్దు కుంకుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారి ఆరున్నర దాటినా సూర్యుడు కనబడడు. ఆపైన పొగమంచు. సైకిలువారికి గడ్డుకాలం ఆ మూడు నెలలే. దీపం అంతకు ముందే కొనుక్కోవాలి.

పనిలో పెట్టుకున్నవారికీ ఇందులో బాధ్యత ఉంది. రాత్రి కాపలాకు సైకిలు మీద వచ్చే వాచ్‌మన్‌కు అపార్టుమెంటువారు ఒక వెనుక దీపం కొనిస్తే ఒక్కో ఇంటి వంతుకు పడేది పది ఇరవై రూపాయలు. రోజూ పాలు పోయించుకునే కేంద్రాలు, కూలీలను పిలిచే మేస్త్రీలు కూడా ఈ పని చేయవచ్చు. సైకిలు బాగుచేసే షాపువారు పంక్చరుకు వచ్చిన ప్రతి సైకిలు వెనుక మడ్‌గార్డు చూసి, పట్టీ లేకపోతే ఒక ముక్క అతికించి పంపితే ఎంతో పుణ్యం.

జేబులో వంద రూపాయలే ఉంటే వెనుక దీపం ఒక్కటే కొనండి. ముందు దీపానికి తలటార్చి ఉంది. ఇరవై రూపాయలే ఉంటే రేడియం పట్టీ అతికించుకోండి. వచ్చే కూలి రోజున దీపం కొనుక్కోండి. ఇంటి నుంచి బయలుదేరే ముందు చక్రాల్లో గాలి నొక్కి చూసుకుంటారు. అదే చేత్తో వెనుక దీపం మీట కూడా నొక్కి, అది వెలిగాకే పెడలు మీద కాలు వేయండి.